మనస్సాక్షి ఉన్న మరమనిషి: పాతకాలపు సెల్ అనిమే షాట్‌ను క్రీటాలో చేయడం

నమస్తే. ఈరోజు ఆరు సెకన్ల షాట్ ఒకటి మొదటి గీత నుంచి రెండర్ దాకా తయారుచేద్దాం. అందులో జరిగేది చాలా తక్కువ. ఒక మరమనిషి కొట్టడానికి చెయ్యెత్తి నిలబడి ఉంటాడు. చెయ్యి దిగుతుంది, మధ్యలో ఆగిపోతుంది. ఆపింది ఎవరో కాదు, వాడి లోపలున్న మనస్సాక్షే. అది మాటల్లేకుండా చూసేవాళ్లకు తెలియాలి. పైగా 1970లు, 80లలో సెల్ షీట్ల (పారదర్శకమైన ప్లాస్టిక్ షీట్ల) మీద రంగులేసి, ఫిల్మ్ మీద తీసిన బొమ్మలా కనిపించాలి. ఇలాంటి మనిషి రూపపు యంత్రాన్ని ఆండ్రాయిడ్ అంటారు, కానీ ఆ మాట వింటే మనందరికీ ముందు ఫోనే గుర్తొస్తుంది కాబట్టి వీడియో అంతా మరమనిషి అనే అందాం.

గీసే ముందు చూడాల్సింది ఒకటుంది: 2000లో వచ్చిన కికైడర్ ద యానిమేషన్, 13 ఎపిసోడ్లు. దీనికి మూలం షోతారో ఇషినోమొరి 1972లో మొదలుపెట్టిన మాంగా, అంటే జపాన్ కామిక్. అదే ఏడాది జపాన్ టీవీలో మనుషులు నటించిన సీరియల్‌గా కూడా వచ్చింది. 2000 నాటి సిరీస్‌లో మెచ్చుకోవాల్సిన సంగతేంటంటే, పాత డిజైన్‌ని కొత్త తరం కోసం నున్నగా చెక్కలేదు. ఇషినోమొరి గీసిన గుండ్రటి కళ్లు, పాతకాలపు ముఖాలు అలాగే ఉంచారు.

కథలో జిరో అనే మరమనిషిని డాక్టర్ కోమ్యోజి తయారుచేస్తాడు. లోపల జెమినీ అనే మనస్సాక్షి సర్క్యూట్ పెడతాడు, కానీ అది పూర్తికాదు. విలన్ ప్రొఫెసర్ గిల్ వేణువు ఊదితే ఆ సర్క్యూట్ తట్టుకోలేక తడబడుతుంది. జిరో పోరాట రూపంలోకి మారినప్పుడు ఒంట్లో ఒక పక్క ఎరుపు, ఇంకో పక్క నీలం, తలలో యంత్రాలు బయటికి కనిపిస్తాయి. రెండు పక్కలూ కలవని ఆ ఒళ్లు చూస్తేనే లోపల ఏదో పూర్తికాలేదని తెలుస్తుంది. మన షాట్‌కి అక్కడి నుంచి తీసుకునేది ఇదొక్కటే: పూర్తికాని సర్క్యూట్. మంచితనం నిండుగా ఉన్నవాడు చెయ్యే ఎత్తడు, అసలు లేనివాడు ఆపడు. సగం ఉన్నవాడి దగ్గరే ఈ షాట్ పుడుతుంది.

జిరో బొమ్మనే కాపీ కొట్టకండి, మీ మరమనిషిని మీరే గీయండి. రెండు పక్కలూ ఒకేలా లేకుండా చూసుకోండి. ఉదాహరణకు ఎడమ మోచేతి కింద రంగు లేని లోహం, కుడి చేయి ఎర్రరంగు, మొండెం నీలం, ఛాతీ మధ్యలో గుండ్రటి గాజు కిటికీ. ఇక్కడ ఒక ప్రమాదం ఉంది. పని తగ్గుతుందని చాలామంది బొమ్మని అద్దంలోలా తిప్పేసి వాడుకుంటారు. ఇలాంటి డిజైన్‌లో అలా తిప్పితే రంగులు కూడా పక్కలు మారతాయి, తర్వాతి షాట్‌లో లోహపు చెయ్యి కుడివైపుకి వచ్చేస్తుంది. అందుకే ముందు, వెనక, రెండు పక్కలు, మొత్తం నాలుగు కోణాల్లో మోడల్ షీట్ ఒకటి గీసి ఎదురుగా పెట్టుకోండి.

ఇప్పుడు క్రీటా అనే బొమ్మలు గీసే సాఫ్ట్‌వేర్ తెరుద్దాం, ఇది ఉచితమే. కొత్త ఫైల్ 1440 బై 1080, అంటే పాత టీవీ 4:3 కొలత. రంగు 8 బిట్ చాలు. ఫ్రేమ్ రేట్ 24, అంటే సెకనుకు 24 ఫ్రేములు. ఫైల్ బరువెక్కి ప్లేబ్యాక్ ఆగిఆగి నడుస్తుంటే, సెట్టింగ్స్‌లో పెర్ఫార్మెన్స్ కింద యానిమేషన్ క్యాష్‌ని ర్యామ్ నుంచి డిస్క్‌కి మార్చండి.

అన్నిటికంటే కింద బ్యాక్‌గ్రౌండ్. దాని మీద మొండెం, ఇది కదలదు, ఒక్కటే బొమ్మ. ఆపైన తల, ఆపైన చెయ్యి. ఒక్కోదానికి ఒక గ్రూప్ పెట్టి, అందులో పైన గీత లేయర్, కింద రంగు లేయర్ ఉంచండి. సెల్ షీట్ మీద కూడా ఇంతే: గీత ముందువైపు, రంగు వెనకవైపు. అందుకే పాత సెల్ బొమ్మల్లో రంగు ఎప్పుడూ గీతను తినేయదు.

గీత మందం 4 పిక్సెళ్లు. పెన్ ఒత్తిడికి మందం మారకుండా ఆపేయండి. సన్నంగా మొదలై లావై మళ్లీ సన్నబడే గీత కామిక్ పుస్తకానికి అందం, ఇక్కడ మాత్రం కాలం తప్పినట్టుంటుంది. రంగు పచ్చి నలుపు వద్దు. ఆర్‌జీబీ 35, 28, 30 దగ్గర ముదురు గోధుమ నలుపు పెట్టండి.

రంగు నింపేటప్పుడు గీత పక్కన తెల్లటి సన్నని అంచు మిగిలిపోతుంది. గీత అంచుల్లో సగం పారదర్శకంగా ఉండే పిక్సెళ్ల దగ్గర ఫిల్ టూల్ ఆగిపోవడమే కారణం. ఫిల్ ఆప్షన్లలో గ్రో సెలెక్షన్ 2 పిక్సెళ్లు పెట్టండి. గీత లేయర్లన్నిటికీ ఒకే కలర్ లేబుల్ ఇచ్చి, రిఫరెన్స్ దగ్గర కలర్ లేబుల్ ఉన్న లేయర్లను ఎంచుకోండి. అప్పుడు గీతను చూసి, రంగు మాత్రం కింది లేయర్‌లో పోస్తుంది.

ప్రతి రంగుకీ ఒక వెలుగు, ఒక నీడ, అంతకు మించొద్దు. ఎరుపుకి 186, 52, 44. దాని నీడ 112, 32, 52. నీలానికి 48, 84, 150; నీడ 30, 46, 98. ఎరుపు నీడ కాస్త వంకాయ రంగువైపు జరగడం గమనించారా? నల్ల లేయర్‌ని మల్టిప్లై మోడ్‌లో (కింది రంగుని ముదురు చేసే పద్ధతిలో) పెట్టి నీడ తెస్తే రంగులన్నీ ఒకేలా మసకబారతాయి. సెల్ రోజుల్లో నీడ రంగుని విడిగా కలిపి పెట్టుకునేవారు. నీడ అంచు కత్తితో కోసినట్టుండాలి, ఎక్కడా గ్రేడియంట్ వద్దు. మెత్తదనమంతా బ్యాక్‌గ్రౌండ్‌కి వదిలేయండి. అక్కడ మాత్రం పోస్టర్ కలర్ కుంచెలా రంగులు ఒకదాంట్లో ఒకటి కలవనివ్వండి. చదునైన మనిషి, మెత్తటి బ్యాక్‌గ్రౌండ్: ఈ తేడాయే సగం పని చేసిపెడుతుంది.

ఇక అసలు విషయం, టైమింగ్. ఆరు సెకన్లంటే 144 ఫ్రేములు. 1963లో టీవీకొచ్చిన తెత్సువాన్ ఆటమ్ (ఆస్ట్రో బాయ్) కాలం నుంచి జపాన్ టీవీ యానిమేషన్‌లో ఒక్కో బొమ్మను మూడేసి ఫ్రేములు ఉంచడం మామూలు. అంటే సెకనుకు ఎనిమిది బొమ్మలు. మనమూ అదే పాటిద్దాం.

1 నుంచి 24 దాకా చెయ్యి ఎత్తిన బొమ్మ ఒక్కటే, దాన్ని ఎ1 అందాం. 25 నుంచి 42 దాకా చెయ్యి దిగుతుంది, ఎ2 నుంచి ఎ7 వరకు ఆరు బొమ్మలు. ఈ ఆరు ఎక్కడెక్కడ పడాలో జాగ్రత్తగా వినండి. పూర్తి దెబ్బ దూరాన్ని వంద అనుకుంటే ఎ2 నాలుగు దగ్గర, ఎ3 పన్నెండు, ఎ4 ఇరవై ఎనిమిది, ఎ5 యాభై, ఎ6 డెబ్బై నాలుగు, ఎ7 ఎనభై. వేగం పెరుగుతూ పెరుగుతూ చివర్లో ఒక్కసారి కోసేసినట్టు ఆగిపోవాలి. ఎక్కువమంది తప్పు చేసేది ఇక్కడే. దూరాలన్నీ సమానంగా పెడితే గడియారం ముల్లులా ఉంటుంది. చివర నెమ్మదిగా ఆపితే చెయ్యి నొప్పెట్టి దించినట్టుంటుంది. రబ్బరులా వెనక్కి ఎగిరితే అది వేరే జాతి కార్టూన్. దెబ్బ మీద ఉన్న బలం తగ్గకుండానే ఆగాలి. అప్పుడే ఇంకో బలం అడ్డొచ్చిందని కన్ను నమ్ముతుంది.

43 నుంచి 78 దాకా వణుకు. ఎ8, ఎ9, ఎ10 మూడు బొమ్మలు, ఒక్కోటి మూడు ఫ్రేములు, వరసగా నాలుగు చుట్లు. ఎ7 మీద ఆనియన్ స్కిన్ (పక్క ఫ్రేమ్ బొమ్మని లేతగా చూపించే సదుపాయం) పెట్టుకుని మళ్లీ ట్రేస్ చేయండి. భుజం కదలకూడదు, మోచెయ్యి ఒక పిక్సెల్, పిడికిలి మూడు పిక్సెళ్లు. ట్రాన్స్‌ఫార్మ్ టూల్‌తో చెయ్యి మొత్తాన్ని అటూ ఇటూ జరిపితే కెమెరా ఊగినట్టుంటుంది తప్ప వణుకు రాదు. చేత్తో తిరిగి గీసినప్పుడు గీతలో పుట్టే చిన్న తేడాలే వణుకు. వణుకు అయ్యాక 79 నుంచి చివరిదాకా చెయ్యి ఎ8 మీదే నిలబడాలి.

తల 78 దాకా ఒకటే బొమ్మ. 79 నుంచి 93 వరకు అయిదు బొమ్మల్లో కిందికి వాలుతుంది, ఈసారి చివర్లో దూరాలు తగ్గుతూ మెత్తగా. చెయ్యి ఆగిన పద్ధతి, తల వాలిన పద్ధతి ఒకేలా ఉండకూడదు. మొదటిది సర్క్యూట్ పని, రెండోది వాడి పని. 94 నుంచి 144 దాకా, రెండు సెకన్ల మీద కాస్త, ఏమీ కదలదు. ఖాళీగా ఉందని భయపడి కళ్లార్పించకండి. ఆ సమయమంతా వెలుగుదే. లెక్కేస్తే చెయ్యి పది బొమ్మలు, తల ఆరు, మొండెం ఒకటి. మొత్తం పదిహేడు.

ఛాతీ కిటికీలో వెలుగు. జపాన్ స్టూడియోల్లో దీన్ని తోకాకో అంటారు. ముందు సెల్ బొమ్మని మామూలుగా ఫిల్మ్ మీద తీసేవారు. తర్వాత ఫిల్మ్ వెనక్కి తిప్పి, నల్ల షీట్‌లో కిటికీ ఆకారం కోసి, రంగు జెల్ వేసి, కింద నుంచి దీపం వెలిగించి అదే ఫిల్మ్ మీద రెండోసారి తీసేవారు. ఫిల్మ్ మీద వెలుగు కలుస్తుంది, పెయింట్‌లా కప్పదు. అందుకే మన లేయర్ గీతలన్నిటికీ పైన ఉండాలి, బ్లెండింగ్ మోడ్ అడిషన్, అంటే కింది రంగుకి వెలుగు కలిపే పద్ధతి. గీత కింద పెడితే నారింజ రంగు పూసిన బిళ్లలా ఉంటుంది.

మూడు లేయర్లు కావాలి. ఒకటి కిటికీ ఆకారంలో పదునైన అంచుతో లేత పసుపు. రెండోది అదే ఆకారం, నారింజ, గాసియన్ బ్లర్ (అంచుల్ని మసక చేసే ఫిల్టర్) 8. మూడోది ముదురు నారింజ, బ్లర్ 40, ఒపాసిటీ సగం. రంగులు పూర్తి 255 దాకా పోనివ్వకండి. అడిషన్‌లో కలిసి తెల్లగా కొట్టుకుపోతే ఇక అక్కడ రంగే మిగలదు. మూడింటినీ ఒక గ్రూప్‌లో పెట్టండి. గ్రూప్ మోడ్ కూడా అడిషనే. యానిమేషన్ కర్వ్స్‌లో గ్రూప్ ఒపాసిటీకి కీలు (ఏ ఫ్రేమ్‌లో విలువ ఎంతో చెప్పే గుర్తులు) పెట్టి, వాటి మధ్య మార్పుని కాన్‌స్టంట్‌లో, అంటే తర్వాతి కీ దాకా మారకుండా ఉంచండి, లేకపోతే మెరుపు బదులు మెల్లగా ఊపిరి తీసినట్టుంటుంది.

1వ ఫ్రేమ్ దగ్గర 15 శాతం. 34 దగ్గర ఒక్కసారి 100. చూడండి, చెయ్యి ఆగేది 40లో, వెలుగు వచ్చింది 34లో. పావు సెకను ముందు. ఈ ఆరు ఫ్రేముల తేడాయే ఈ షాట్ ప్రాణం. లోపల తెలిసింది, తర్వాతే చెయ్యి విన్నది. రెండూ ఒకే ఫ్రేమ్‌లో పెడితే వెలుగు ఉత్త అలంకారం అయిపోతుంది. 36 దగ్గర 30, 39 దగ్గర 90, 43లో 70, 48లో 25, 50లో 80, 57లో 40, 59లో 85, 70లో 50. దూరాలు ఒకేలా లేవు చూశారా, సమానంగా ఉంటే పండగ సీరియల్ బల్బులా కొట్టుకుంటుంది. 94 నుంచి 60 శాతం మీద నిలబెట్టండి. 130, 131లో మాత్రం ఒక్కసారి 35కి పడి, 132లో మళ్లీ 60కి లేవాలి. ఆ సర్క్యూట్ ఇంకా పూర్తికాలేదు కదా.

చివరిగా ఫిల్మ్ రూపం. అన్నిటికీ పైన ఒక ఫిల్టర్ లేయర్, గాసియన్ బ్లర్ 1 పిక్సెల్. దాని మీద గ్రెయిన్ (ఫిల్మ్ మీద కనిపించే సన్నటి చుక్కల గరుకు) లేయర్: 128 బూడిద రంగు నింపి, రాండమ్ నాయిస్ కొట్టి, కొద్దిగా బ్లర్ చేసి, ఓవర్‌లే మోడ్‌లో 10 శాతం. వరస ముఖ్యం. గ్రెయిన్ బ్లర్ కిందికెళ్తే కరిగిపోతుంది. ఇలాంటివి ఏడు వేర్వేరు ఫ్రేములు చేసి, వాటి క్లోన్లను ఒక్కో ఫ్రేముకి ఒకటిగా చివరిదాకా పేర్చండి. బొమ్మ మూడు ఫ్రేములు ఆగినా గ్రెయిన్ ఆగకూడదు. ఫిల్మ్ ప్రతి ఫ్రేమూ కొత్త ముక్క కదా. మూడు ఫ్రేములు కదలకుండా ఉంటే అది గ్రెయిన్‌లా కాదు, తెర మీద దుమ్ములా కనిపిస్తుంది.

రెండర్ ముందు పీఎన్‌జీ వరసగా చేయండి, ఆ తర్వాత వీడియో. బిట్‌రేట్ తక్కువైతే గ్రెయిన్ ముద్దలు కడుతుంది. ఆన్‌లైన్లో పెట్టేవాళ్లు రెండింతలు పెంచి, 2880 బై 2160లో ఎక్కించండి, కంప్రెషన్ దెబ్బ తగ్గుతుంది.

ఇప్పుడు శబ్దం లేకుండా, ఈ కథ తెలియని ఒకరికి చూపించి, చెయ్యి ఎందుకు ఆగిందని అడగండి. "ఎవరో ఆపారు" అంటే 34వ ఫ్రేమ్ కీని రెండు ఫ్రేములు ముందుకి, అంటే 32కి తెచ్చి మళ్లీ చూపించండి. "వాడే ఆపుకున్నాడు" అనేదాకా ఆ ఒక్క కీనే జరుపుతూ ఉండండి, బొమ్మల జోలికి పోకండి.