సుత్తి పట్టకముందు గీయవలసిన గీతలు

సమన్వయకర్త: పాత వంటగదినీ స్నానాలగదినీ మార్చుకునేవారు డిజైనర్‌తో ఎలా పనిచేయించుకోవాలన్నది ఈనాటి చర్చాంశం. ఒంగోలు నుంచి ఒక ఇంటీరియర్ డిజైనర్, నెల్లూరు నుంచి ఒక గృహిణి, ఒక తాపీ మేస్త్రీ పాల్గొంటున్నారు. అమ్మా, మీతో మొదలుపెడదాం.

గృహిణి: మేము ఫోన్‌లో దాచుకున్న బొమ్మలు చూపిస్తే, మా డిజైనర్ వాటిని పక్కన పెట్టి, ఇంట్లో చేపలు ఎక్కడ కడుగుతారు, గ్రైండర్ ఎక్కడ ఉంటుంది అని అడిగారు. తెల్ల పాలరాయి గట్టు కావాలని నేను పట్టుబడితే, చేపల పులుసు వండే ఇంట్లో అది నిలవదని చెప్పి చీమకుర్తి నల్ల గ్రానైట్ రాయి చూపించారు.

డిజైనర్: ఆమె డిజైనర్ చెప్పింది నిజమే. పాలరాయిలో ఉన్నది సున్నపు పదార్థం కనుక చింతపండు పులుపు దాని మెరుపును తినేస్తుంది. గ్రానైట్‌కు ఆ బెడద లేదు. అయితే రాయి కంటే ముందు తేల్చుకోవలసింది గట్టు ఎత్తు. రోజూ వంట చేసే మనిషిని నిలబెట్టి, మోచేతికి నాలుగైదు అంగుళాలు కిందుగా గుర్తు పెట్టాలి. ఆ కొలత తీసుకోకుండానే ధర చెప్పేవారిని నేను నమ్మను.

మేస్త్రీ: నాదొక ఆక్షేపణ. కాగితం మీద కమోడ్‌ను ఈ గోడ నుంచి ఆ గోడకు జరపడం తేలికే. మురుగు పైపుకు వాలు దొరకాలంటే నేల ఎత్తు పెంచవలసి వస్తుంది, అప్పుడు గుమ్మం దగ్గర మెట్టు ఏర్పడి పెద్దవాళ్లు తట్టుకొని పడతారు.

డిజైనర్: ఆక్షేపణ న్యాయమైనదే, అందుకే మేస్త్రీని గీత గీసే రోజునే పిలవాలి. స్నానాలగది నేలకు వాటర్‌ప్రూఫింగ్ అయ్యాక కనీసం 24 గంటలు, వీలైతే 48 గంటలు నీళ్లు నిలిపి, కింది కప్పులో చెమ్మ లేదని చూశాకే టైల్స్ వేయాలని ఒప్పందంలో రాయించుకోండి.

సమన్వయకర్త: ఒప్పందంలో ఇంకా ఏముండాలి?

డిజైనర్: సింకు కింది అరలకు ఐఎస్ 710 ముద్ర ఉన్న, అంటే తడికి ఓర్చుకునే ప్లైవుడ్, అర తలుపులకు తొందరగా తుప్పు పట్టని 304 రకం స్టెయిన్‌లెస్ స్టీలు కీళ్లు అని పేరుపేరునా ఉండాలి. నా ఫీజు ఎంత, దుకాణం నుంచి నాకు కమీషన్ వస్తుందా అని కూడా నిస్సంకోచంగా అడగవచ్చు. అడిగితే నొచ్చుకునే డిజైనర్‌తో పని పెట్టుకోకపోవడమే మేలు.

గృహిణి: మాకు ఖర్చు పెరిగింది మాత్రం మా వల్లనే. చిమ్నీ గొట్టం బయటికి వెళ్లే దారిని ప్లాన్‌లోంచి మేమే తీయించి, టైల్స్ అంటించాక మళ్లీ అక్కడే రంధ్రం వేయించాం. పగిలిన టైల్‌కు జత దొరకలేదు.