నీళ్ళు పారబోసే ముందు

అందరికీ నమస్కారం. వచ్చేటప్పుడు మీ అక్వేరియం ట్యాంకు నీళ్ళు ఒక సీసాలో, బాగాలేని మొక్క నుంచి ఒక ఆకు తెమ్మని చెప్పాను. ముందు వరసలోనే ఏడెనిమిది సీసాలు కనిపిస్తున్నాయి, చాలా సంతోషం. వాటి దగ్గరికి చివర్లో వస్తాను.

మన అనంతపురంలో మొక్కల అక్వేరియం పెట్టుకున్నవాళ్ళు నాతో ఎక్కువగా చెప్పే మాట ఒకటుంది. "నీళ్ళు మొత్తం మార్చేశాను సార్, మూడు రోజులకే మళ్ళీ మసకబారాయి." ఎందుకు మార్చారని అడిగితే, మసకగా ఉన్నాయి కాబట్టి అంటారు. ఎలాంటి మసక అని అడిగితే మాత్రం ఎవరూ చెప్పలేరు. నా తాపత్రయమంతా ఆ ప్రశ్న గురించే.

ఒక గాజు గ్లాసులో ట్యాంకు నీళ్ళు ముంచండి. వెనక తెల్లకాగితం పెట్టి పగటి వెలుగులో చూడండి. తర్వాత ఆ గ్లాసును కదిలించకుండా రాత్రంతా వదిలేయండి. పొద్దునకి అడుగున బూడిదలాంటి పొర పేరుకుని పైన నీళ్ళు తేరుకుంటే అది ఇసుక సరిగా కడగకపోవడం వల్ల వచ్చిన దుమ్ము. ఫిల్టర్‌లో కొంచెం దూది పెడితే పోతుంది. నీళ్ళు టీ డికాక్షన్ రంగులో ఉండి, గ్లాసులోంచి అవతలివి స్పష్టంగా కనిపిస్తుంటే అది ట్యాంకులో పెట్టిన చెక్క నుంచి దిగే రంగు. చేపలకు హాని లేదు. ఈ రెండింటికీ కంగారు పడక్కర్లేదు.

తేరుకోకుండా లేత ఆకుపచ్చగా ఉందంటే కంటికి కనపడనంత చిన్న పాచి నీళ్ళలో తేలుతోందన్నమాట. సగం నీళ్ళు పారబోస్తే సగం పాచి పోతుంది. మిగిలింది రెండు రోజుల్లో రెట్టింపవుతుంది, ఇంకేం లాభం? ముందు కిటికీలోంచి ఎండ పడుతోందేమో చూడండి, లైటు ఎన్ని గంటలు వెలుగుతోందో లెక్కపెట్టండి. ట్యాంకును మందపాటి దుప్పటితో మూడు నాలుగు రోజులు కప్పేసి, గాలి పంపు ఆపకుండా నడపండి. మొక్కలు తట్టుకుంటాయి, తేలే పాచి తట్టుకోలేదు. చచ్చిన పాచి కుళ్ళకుండా అప్పుడు మూడో వంతు నీళ్ళు మార్చాలి. ఆ తర్వాత టైమర్ పెట్టుకుని లైటు ఆరేడు గంటలకు మించనివ్వకండి.

ఇక పలచటి పాలలాంటి తెల్ల మసక. దీని గురించి కాస్త ఎక్కువ చెప్పాలి, ఎందుకంటే దీనివల్ల నేను నష్టపోయాను. ఒక వేసవిలో ఫిల్టర్ స్పాంజ్ మురికిగా ఉందని కుళాయి కింద పెట్టి, కొత్తదానిలా మెరిసేదాకా పిండి పిండి కడిగాను. రెండో రోజుకి నీళ్ళు పాలు కలిపినట్టయ్యాయి. కంగారులో నీళ్ళన్నీ తీసేసి బోరు నీళ్ళు నింపాను. మరుసటి రోజు పొద్దున చేపలన్నీ పైకొచ్చి నోళ్ళు తెరుచుకుని ఉన్నాయి. సాయంత్రానికి సగం పోయాయి. నా చేతులతో నేనే చేశాను, ఇప్పటికీ బాధగానే ఉంటుంది.

జరిగిందేమిటంటే, చేపల వ్యర్థాల నుంచి వచ్చే అమ్మోనియాను ముందు నైట్రైట్‌గా, తర్వాత అంత హాని లేని నైట్రేట్‌గా మార్చే బ్యాక్టీరియా ఆ స్పాంజ్‌లోనే కాపురం ఉంటుంది. కొత్త ట్యాంకులో అది స్థిరపడటానికి నాలుగు నుంచి ఆరు వారాలు పడుతుంది. దాన్ని నేను క్లోరిన్ నీళ్ళతో కడిగి పారేశాను. పైగా మన బోరు నీళ్ళలో పీహెచ్, అంటే క్షార గుణం, ఎక్కువ. పీహెచ్ పెరిగేకొద్దీ అమ్మోనియాలో విషంగా పనిచేసే భాగం పెరుగుతుంది. అందుకే స్పాంజ్‌ను ట్యాంకులోంచి తీసిన నీళ్ళలోనే, బక్కెట్లో రెండుసార్లు ముంచి పిండితే చాలు. తెల్ల మసక వస్తే రెండు మూడు రోజులు మేత ఆపి, గాలి పంపు పెంచి ఓపిక పట్టండి. పరీక్షలో అమ్మోనియా కనిపిస్తేనే పావు వంతు నీళ్ళు మార్చండి, అదీ క్లోరిన్ పోయిన నీళ్ళతో.

ఇప్పుడు మొక్కల సంగతి. ఇక్కడున్న వాళ్ళలో చాలామందికి ఊళ్ళో వేరుశనగ చేనో చీనీ తోటో ఉండే ఉంటుంది. సున్నం ఎక్కువున్న నేలలో వేరుశనగ లేత ఆకులు పసుపై, తర్వాత తెల్లబడటం చూశారు కదా? ఇనుపధాతు లోపం. అన్నభేది, అంటే ఫెర్రస్ సల్ఫేట్, లీటరుకి 5 గ్రాములు, నిమ్మ ఉప్పు 1 గ్రాము కలిపి పిచికారీ చేస్తాం. నేలలో ఇనుము లేక కాదు, సున్నం దాన్ని మొక్కకు అందనివ్వదు. మీ ట్యాంకులోనూ అదే కథ. కఠిన జలంలో ఇనుము ఇట్టే తుప్పుగా మారి అడుక్కి దిగిపోతుంది. అందుకని చేలో చల్లే అన్నభేదిని ట్యాంకులో వేయకండి. చీలేటెడ్ ఇనుము, అంటే తుప్పుగా మారకుండా పట్టి ఉంచే పదార్థంతో కలిపిన ఇనుము, కొనేటప్పుడు ఆ పదార్థం ఈడీటీఏనా, డీటీపీఏనా అని సీసా మీద చూడండి. మన నీళ్ళకి రెండోదే మేలు. వేళ్ళ దగ్గర గుచ్చే ఎరువు బిళ్ళలు ఇంకా బాగా పనిచేస్తాయి.

ఏ ఆకు పాడైందన్నది చూడాలి. ఈనెలు పచ్చగా ఉండి లేత ఆకు పసుపైతే ఇనుము. అడుగు ఆకు మొత్తం పసుపైతే నత్రజని. మొక్క దాన్ని పాత ఆకు నుంచి లాగి చిగురుకు పంపుకుంటుంది. పాత ఆకుల్లో గుండుసూదితో పొడిచినట్టు చిల్లులు పడితే పొటాషియం. షాపు నుంచి తెచ్చిన వారంలోనే ఆకులు కరిగిపోతుంటే పీకి పారేయొద్దు. చాలా మొక్కల్ని నర్సరీలో నీటి బయట పెంచుతారు, ఆ ఆకులు నీళ్ళలో నిలవవు. చిగురు కోసం చూడండి. అనూబియాస్, జావా ఫెర్న్ మాత్రం అల్లం కొమ్ములాంటి కాండాన్ని ఇసుకలో పూడిస్తే కుళ్ళిపోతాయి. రాయికి దారంతో కట్టాలి.

మొదటిసారి పెట్టేవాళ్ళు వాలిస్నేరియా, హార్న్‌వర్ట్ తీసుకోండి. నీళ్ళలోని బైకార్బొనేట్ నుంచే కార్బన్ తీసుకోగల మొక్కలివి. మన నీళ్ళకి పుట్టినట్టే ఉంటాయి.

ఏప్రిల్, మే నెలల గురించి ఒక్క మాట. ఎండకి ట్యాంకు రోజూ దిగిపోతుంటే మనం బోరు నీళ్ళు పోస్తూ ఉంటాం. ఆవిరయ్యేది నీరు మాత్రమే, ఉప్పులు అక్కడే ఉండిపోతాయి. పోసిన ప్రతి మగ్గూ ఇంకొంచెం ఉప్పు కలుపుతుంది. గాజు అంచున తెల్లటి చార కనిపిస్తోందా? బాత్రూం బక్కెట్‌కి పట్టే చారే అది. ఆవిరైన మేరకు ఆర్‌ఓ నీళ్ళు పోయండి. నీళ్ళు మార్చేటప్పుడు మాత్రం ఆర్‌ఓ, బోరు సగం సగం కలపండి, ఉత్త ఆర్‌ఓ నీళ్ళలో మొక్కకి కావలసిన కాల్షియం, మెగ్నీషియం ఉండవు. వేడెక్కిన నీళ్ళలో ఆక్సిజన్ కూడా తగ్గుతుంది. 20 డిగ్రీల దగ్గర లీటరుకి సుమారు 9 మిల్లీగ్రాములు కరిగితే, 30 దగ్గర ఏడున్నరే. మొక్కలు రాత్రిళ్ళు ఆక్సిజన్ ఇవ్వవు, వాడుకుంటాయి కూడా. కాబట్టి వేసవి రాత్రి గాలి పంపు ఆపొద్దు.

సరే, ఈ బల్ల మీద తెల్లకాగితం పరిచాను. చివర కూర్చున్న అక్కా, మీ సీసా ముందు ఇవ్వండి. అందరూ దగ్గరికి రండి. మూత తీయకముందే చెప్పండి, ఇది ఆకుపచ్చా, తెలుపా?