తలుపు తెరిచిన ఓవీ, మూసిన ఓవీ

శ్రోతలకు నమస్కారం.

ఫిన్నిష్ భాషలో ‘ఓవీ’ అంటే తలుపు. ఫిన్లాండ్ కంపెనీ నోకియా 2009 మే నెలలో తెరిచిన యాప్ స్టోర్‌కు ఆ పేరే పెట్టింది. యాపిల్ స్టోర్ అంతకుముందు ఏడాది జులైలోనే వచ్చింది. అయినా ఫోన్ల అమ్మకాల్లో అప్పటికి ప్రపంచంలో నోకియాదే మొదటి స్థానం. తొలిరోజు జనం తాకిడికి ఓవీ సర్వర్లు మొరాయించాయి.

ఈ స్టోర్‌కున్న అసలు బలం చెల్లింపులో ఉంది. చాలా దేశాల్లో క్రెడిట్ కార్డు అక్కర్లేదు, యాప్ ధర ఫోన్ బిల్లులోనో బ్యాలెన్స్‌లోనో కలిసిపోయేది. అమ్మకం సులువే, తయారీయే నరకం. ఒక ఫోన్‌కు 240 బై 320 తెర, బటన్లు. ఇంకోదానికి 360 బై 640 టచ్ తెర. చౌక ఫోన్లయితే జావా యాప్‌లే నడుపుతాయి. ఒకే ఆటను మళ్లీ మళ్లీ మలచాల్సి వచ్చేది.

ఆపైన సంతకం గొడవ. నోకియా స్మార్ట్‌ఫోన్లను నడిపే సాఫ్ట్‌వేర్ సింబియన్. దాని 9వ వెర్షన్ నుంచి డిజిటల్ సంతకం లేని యాప్‌ను ఫోన్ లోపలికి రానివ్వదు. ఆ సంతకానికి ఆధారమైన సర్టిఫికెట్‌కు గడువుంటుంది, ఇన్‌స్టాల్ చేసేటప్పుడు ఫోన్ తన గడియారంతో దాన్ని పోల్చి చూస్తుంది. గడువు దాటితే ‘సర్టిఫికెట్ ఎక్స్‌పైర్డ్’ అంటుంది. బ్యాటరీ పూర్తిగా అయిపోయి తేదీ ఎప్పటికో వెనక్కి పోతే, ‘ఇంకా చెల్లుబాటు కాలేదు’ అని ఎదురు చెబుతుంది! చాలాసార్లు మందు ఒకటే: తేదీని గడువు లోపలికి మార్చి, ఇన్‌స్టాల్ చేసి, మళ్లీ సరిచేయాలి. ఇన్‌స్టాల్ అయిన యాప్‌కు తర్వాత గడువు దాటినా ఫర్వాలేదు, నడుస్తూనే ఉంటుంది.

2011 ఫిబ్రవరిలో నోకియా మైక్రోసాఫ్ట్‌తో చేయి కలిపి, సింబియన్‌ను పక్కనపెట్టి విండోస్ ఫోన్ వైపు మళ్లింది. డెవలపర్లకు ఆ మాట చాలు. చనిపోబోయే ఫోన్‌కు ఎవరు రాస్తారు? అదే ఏడాది ఓవీ పేరు తీసేసి నోకియా స్టోర్ అన్నారు. 2014 జనవరి 1 నుంచి సింబియన్‌కు, నోకియా ఫోన్ల మరో సాఫ్ట్‌వేర్ అయిన మీగోకు కొత్త యాప్‌లు లేవు, అప్‌డేట్లు లేవు. 2015లో ఆ స్థానాన్ని ఒపెరా మొబైల్ స్టోర్‌కు అప్పగించారు.

పాత సింబియన్ ఫోన్ ఇంట్లో ఉన్నవాళ్లు ఒకటి గమనించాలి. మెమరీ కార్డు తీసి వేరే ఫోన్‌లో పెడితే అందులోని యాప్ నడవదు. ఇన్‌స్టాల్ సమయంలో దాని గుర్తును ఫోన్ తన లోపలి మెమరీలో రాసుకుంటుంది. కార్డులోని ఫైలు ఆ గుర్తుతో సరిపోలాలి. ఫోన్‌ను పూర్తిగా రీసెట్ చేసినా ఇదే చిక్కు, గుర్తు చెరిగిపోతుంది. అప్పుడు పనికొచ్చేది మొదట్లో కంప్యూటర్‌లో దాచుకున్న సిస్ ఫైలు, అంటే యాప్‌ను ఇన్‌స్టాల్ చేసే ఫైలు ఒక్కటే.