పేదల లెక్క చూపించి తెచ్చే డాలర్లు ఎవరికి చేరుతున్నాయి?

నమస్తే అండీ. 2018లో ఒక అంకె అమెరికా అంతటా వార్త అయింది. శాన్‌ఫ్రాన్సిస్కోలో నలుగురున్న కుటుంబం ఏడాదికి 1,17,400 డాలర్లు సంపాదిస్తున్నా సరే, దాన్ని తక్కువ ఆదాయం ఉన్న కుటుంబంగానే లెక్కేస్తామని ఫెడరల్ ప్రభుత్వం చెప్పింది. కొందరు నవ్వుకున్నారు, కొందరు తిట్టుకున్నారు. అసలా అంకె ఎవరు వేస్తారు, దేనికి వేస్తారు అన్నది మాత్రం పెద్దగా ఎవరూ అడగలేదు. ఇవాళ్టి వీడియో దాని గురించే.

ఆ గీత గీసేది హడ్. అంటే ఇళ్లు, పట్టణాభివృద్ధి చూసే ఫెడరల్ శాఖ. ప్రతి ప్రాంతంలోనూ కుటుంబాల మధ్యస్థ ఆదాయం, అంటే వరసలో సరిగ్గా మధ్యలో ఉన్న కుటుంబం ఆదాయం ఎంతో చూసి, మామూలుగా అందులో 80 శాతం దగ్గర గీత గీస్తుంది. అద్దెలు మరీ మండిపోయే చోట గీతను కాస్త పైకి జరుపుతుంది. ఆ గీత కింద ఉన్నవాళ్ల పేరు మీద వాషింగ్టన్ నుంచి నగరాలకు ఏటా డబ్బు వస్తుంది. అందులో పెద్దది కమ్యూనిటీ డెవలప్‌మెంట్ బ్లాక్ గ్రాంట్, పొట్టిగా సీడీబీజీ. 2024 బడ్జెట్‌లో దానికిచ్చింది 330 కోట్ల డాలర్లు. ఇళ్ల కోసమే ప్రత్యేకంగా హోమ్ అని ఇంకో పథకం ఉంది, దానికి 125 కోట్లు. నిలువ నీడ లేనివాళ్ల షెల్టర్ల కోసం ఈఎస్‌జీ అని మరొకటి, దానికి 29 కోట్లు.

ఇవన్నీ ఎక్కడో డెట్రాయిట్‌కో, క్లీవ్‌లాండ్‌కో వెళ్లే డబ్బులనుకోకండి. మెట్రో ప్రాంతంలో ఉండి జనాభా 50 వేలు దాటిన ఏ నగరానికైనా సీడీబీజీ హక్కుగా వస్తుంది. మనవాళ్లు ఎక్కువగా ఉండే ఇర్వింగ్, ప్లేనో, ఫ్రిస్కో, ఎడిసన్, అన్నిటికీ వస్తుంది. దేశం మొత్తం మీద ఇలా నేరుగా డబ్బు అందుకునే నగరాలు, కౌంటీలు (మన జిల్లాల్లాంటివి) సుమారు 1,200.

కాస్త వెనక్కి వెళ్దాం. 1974కు ముందు పాత ఇళ్లు కూల్చి కొత్త ఊరు కట్టడానికి ఒక గ్రాంటు, మురుగు కాల్వలకు ఒకటి, పార్కులకు ఒకటి, ఇలా దేనికదే విడివిడిగా ఉండేవి. ప్రతిదానికీ నగరం వాషింగ్టన్‌కు దరఖాస్తు పెట్టుకోవాలి. అర్బన్ రిన్యువల్ పేరుతో నల్లజాతి వాళ్ల పేటలకు పేటలే నేలమట్టం అయ్యాయి. ఆ పాత గ్రాంట్లన్నీ కలిపి ఒకే మూటగా ఇచ్చేసి, ఎక్కడ ఖర్చు పెట్టాలో నగరాలే తేల్చుకోవాలన్నది అధ్యక్షుడు నిక్సన్ కాలపు ఆలోచన. చట్టం చేతికి వచ్చేసరికి నిక్సన్ రాజీనామా చేసేశారు. ఆయన వెళ్లిన 13 రోజులకు, 1974 ఆగస్టు 22న, కొత్త అధ్యక్షుడు జెరాల్డ్ ఫోర్డ్ సంతకం పెట్టారు.

ఇప్పుడు నాకు అన్నిటికన్నా ఆసక్తిగా అనిపించే చోటికి వద్దాం. ఏ నగరానికి ఎంత అన్నది ఎవరు తేలుస్తారు? ఎంపీ సిఫారసు ఉండదు, మంత్రి దయ ఉండదు. ఒక ఫార్ములా ఉంటుంది. నిజానికి రెండున్నాయి. మొదటిదాంట్లో పేదరికానికి సగం బరువు, జనాభాకు పావు, ఇరుకు ఇళ్లకు పావు. రెండోది 1977లో వచ్చింది. అందులో 1940కి ముందు కట్టిన పాత ఇళ్లకు సగం బరువు, పేదరికానికి 30 శాతం, జనాభా పెరగకుండా వెనకబడినందుకు 20 శాతం. రెండు ఫార్ములాలతోనూ లెక్క వేసి, నగరానికి ఏది ఎక్కువొస్తే దాన్నే తీసుకుంటారు.

ఇరుకు ఇల్లంటే ఏంటో తెలుసా? గదికి ఒకరి కన్నా ఎక్కువ మంది ఉండటం. వంటగది, హాలు కూడా గదులే. అంటే టూ బెడ్‌రూమ్ అపార్ట్‌మెంట్‌లో నాలుగు గదులు. అందులో ఐదుగురు బ్యాచిలర్లు సర్దుకుంటే ఆ ఇల్లు ఇరుకు ఇల్లే. సెన్సస్ వాళ్ల సర్వేలో నిజం చెబితే, హాల్లో పరుపేసుకుని పడుకునే ఆ ఐదో కుర్రాడి వల్ల కూడా నగరానికి నాలుగు డాలర్లు ఎక్కువ వస్తాయన్నమాట. వీసా ఏదన్నది అక్కడ ఎవరూ అడగరు. ఆ ఊళ్లో ఉంటున్నారా లేదా అన్నదే లెక్క.

పేదరికం లెక్క ఇంకా తమాషాగా ఉంటుంది. యూనివర్సిటీ హాస్టల్లో ఉండే విద్యార్థి ఈ లెక్కలోకి రాడు. బయట అద్దెకుండే విద్యార్థి వస్తాడు. డెంటన్ లాంటి యూనివర్సిటీ ఊళ్లో ఎమ్మెస్ చేస్తూ, క్యాంపస్‌లో వారానికి 20 గంటలు పనిచేసుకునే మనవాళ్ల పిల్లల ఆదాయం కాగితం మీద దారిద్య్ర రేఖ కిందే కనిపిస్తుంది. ఇంటి దగ్గర నాన్న బ్యాంకులో అప్పు తీసుకుని పంపే ఫీజు ఈ లెక్కలో కనపడదు. ఇలా విద్యార్థుల వల్ల కొన్ని ఊళ్లకు అవసరానికి మించి డబ్బు వెళుతోందని ఏళ్ల తరబడి విమర్శ ఉంది. రెండో ఫార్ములా మీదా అలాంటి విమర్శే. బోస్టన్ పక్కన న్యూటన్ అని ఊరుంది. బాగా డబ్బున్న ఊరు. కానీ ఇళ్లు పాతవి, జనాభా పెద్దగా పెరగలేదు. పాత ఇళ్ల లెక్కలో దానికి బాగానే గిట్టుబాటు అవుతుంది. ఆ పాత ఇళ్ల ధరలెంతో ఫార్ములా అడగదు మరి.

డబ్బు వచ్చింది. ఖర్చుకు షరతులేంటి? కనీసం 70 శాతం గీత కింద ఉన్నవాళ్లకు ఉపయోగపడాలి. వినడానికి బాగుంది. ఉపయోగపడిందని ఎలా చూపిస్తారన్నదే అసలు విషయం. ఒక పెద్దావిడ ఇంటి పైకప్పు బాగు చేస్తే ఆవిడ ఆదాయం కాగితాలు చూస్తారు, సరిపోతుంది. మరి ఫుట్‌పాత్ వేస్తే? దాని మీద నడిచేవాళ్ల జీతాలు అడగలేరు కదా. అందుకని చుట్టుపక్కల ఉండే జనంలో 51 శాతం గీత కింద ఉంటే చాలు, ఆ ఫుట్‌పాత్ మొత్తం పేదల ఖాతాలో పడుతుంది. 51 శాతం ఉన్న పేటలే పెద్దగా లేని డబ్బున్న శివారు నగరాలకు ఇంకో వెసులుబాటు ఉంది. ఆ ఊళ్లో ఉన్నంతలో పేదగా ఉన్న పావు వంతు ప్రాంతాలను చూపిస్తే సరిపోతుంది. ఆ ప్రాంతంలో గీత కింద ఉన్నవాళ్లు సగానికి తక్కువే ఉన్నా పర్లేదు.

ఇది దొంగ లెక్క అని నేను అనను. ఇరుకు వీధిలో లైట్లు, ఫుట్‌పాత్, మురుగు కాల్వ నిజంగా అవసరమే. నా అభ్యంతరం వేరే చోట ఉంది. ప్రోగ్రామ్ ఏడాది, అంటే ఈ గ్రాంటుకు నగరం లెక్క రాసుకునే ఏడాది, ముగియడానికి 60 రోజుల ముందు హడ్ ఖాతా చూస్తుంది. ఆ ఏడాది గ్రాంటుకు ఒకటిన్నర రెట్లకు మించి డబ్బు ఖర్చు కాకుండా మిగిలి ఉంటే నగరానికి చీవాట్లు, తర్వాత కోత. డబ్బు మురగబెట్టకూడదన్న ఉద్దేశం మంచిదే. కానీ ముసలివాళ్ల ఇళ్లు ఒక్కొక్కటిగా బాగు చేయడం నెమ్మదిగా నడిచే పని. కాంక్రీటు పోయడం త్వరగా అయిపోయే పని. గడువు దగ్గర పడే కొద్దీ నగర సిబ్బందికి ఏది ముద్దొస్తుందో మీరే ఊహించండి.

ఇక గొడవంతా జరిగేది 15 శాతం దగ్గర. ఫుడ్ ప్యాంట్రీ, గృహ హింస నుంచి బయటపడ్డ ఆడవాళ్లకు ఆశ్రయం, పిల్లల డేకేర్, వృద్ధులకు భోజనం, ఉద్యోగ శిక్షణ, ఇలాంటి సేవలన్నిటికీ కలిపి సీడీబీజీలో 15 శాతం మించి పెట్టకూడదు. ఆఫీసు ఖర్చులకు, ప్లానింగ్‌కు మాత్రం 20 శాతం దాకా వాడుకోవచ్చు. అంటే నగరానికి 10 లక్షల డాలర్లు వచ్చాయనుకోండి. లక్షన్నర కోసం ఊళ్లో ఉన్న స్వచ్ఛంద సంస్థలన్నీ వరస కడతాయి. ఒకరికి 20 వేలు, ఇంకొకరికి 12 వేలు. పెళ్లి భోజనంలో చివరి బంతికి మిగిలిన బూరెలు పంచినట్టుంటుంది. పైగా చాలా నగరాల్లో ముందు సంస్థే తన జేబులోంచి ఖర్చు పెట్టి, రసీదులు చూపించి, తర్వాత వసూలు చేసుకోవాలి. బ్యాంకులో నిల్వలున్న పెద్ద సంస్థకు అది ఇబ్బంది కాదు. నలుగురు వాలంటీర్లతో నడిచే చిన్న సంస్థ దరఖాస్తు దగ్గరే ఆగిపోతుంది. వీటిలో దేనికి ఎంతన్నది కౌన్సిల్ ఓటు వేసి తేలుస్తుంది. చాలాచోట్ల అంతకు ముందు ఊరివాళ్లతో వేసిన ఒక కమిటీ దరఖాస్తులకు మార్కులు వేస్తుంది. ఆ కమిటీలో సభ్యత్వానికి ఎవరైనా అప్లై చేసుకోవచ్చు.

“అంత డబ్బొస్తే ఇళ్లు కట్టొచ్చు కదా” అని మీకు అనిపించవచ్చు. సీడీబీజీతో మామూలుగా కొత్త ఇళ్లు కట్టకూడదు. స్థలం కొనొచ్చు, పాత ఇల్లు బాగు చేయొచ్చు. కొత్తవి కట్టడానికి కూడా వీలిచ్చే హోమ్ పథకం 1990లో వచ్చింది. అందులో నగరం తన వంతుగా సాధారణంగా డాలరుకు పావలా కలపాలి, కొత్త అద్దె ఇళ్లకైతే 20 ఏళ్ల పాటు అద్దెను హద్దు దాటకుండా ఉంచాలి. హోమ్ డబ్బొక్కదానితో ఏ అపార్ట్‌మెంటూ లేవదు. పన్ను రాయితీలు, రాష్ట్రం డబ్బు, బ్యాంకు అప్పు అన్నీ అతికించాలి. అందుకే అలాంటి భవనానికి ఏళ్లు పడుతుంది. ఊళ్లో అది కట్టబోతున్నారని తెలియగానే ‘ట్రాఫిక్, స్కూల్ రేటింగ్’ అంటూ పక్క కాలనీ వాళ్లు కౌన్సిల్ ముందు క్యూ కట్టడం వల్ల కూడా ఆలస్యమవుతుంది. ఆ క్యూలో మనవాళ్లు ఉండరని చెప్పే ధైర్యం నాకు లేదు.

ఇక్కడ వెస్ట్‌చెస్టర్ కథ చెప్పాలి. న్యూయార్క్ నగరానికి ఉత్తరాన ఉన్న సంపన్న కౌంటీ. ఈ గ్రాంట్లు తీసుకునే ప్రతి ఏడాదీ, ఇళ్ల విషయంలో వివక్ష లేకుండా చూస్తాం, దానికి అడ్డొచ్చేవి తొలగిస్తాం అని సంతకం పెట్టాలి. వెస్ట్‌చెస్టర్ కూడా పెట్టింది, డబ్బు తీసుకుంది. సరసమైన ఇళ్లు కట్టింది కూడా. కానీ తెల్లవాళ్ల పట్టణాల జోలికి పెద్దగా పోలేదు. 2006లో యాంటీ డిస్క్రిమినేషన్ సెంటర్ అనే సంస్థ, ఈ సంతకమే అబద్ధం, ప్రభుత్వాన్ని మోసం చేసి డబ్బు తీసుకున్నారు అని కేసు వేసింది. జాతి వివక్ష కోణాన్ని కౌంటీ అసలు పరిశీలించనే లేదని 2009 ఫిబ్రవరిలో జడ్జి తేల్చారు. అదే ఏడాది ఆగస్టులో రాజీ కుదిరింది. మొత్తం 6.25 కోట్ల డాలర్ల ఒప్పందం. తెల్లవాళ్లే ఎక్కువగా ఉండే పట్టణాల్లో 750 ఇళ్లు కట్టాలి. ఆ రాజీకి ఒప్పుకున్న కౌంటీ ఎగ్జిక్యూటివ్, అంటే కౌంటీ పాలన చూసే ఎన్నికైన నాయకుడు, ఆండ్రూ స్పానో నవంబర్ ఎన్నికల్లో ఓడిపోయారు. గెలిచిన రాబ్ అస్టోరినో ఏళ్ల తరబడి హడ్‌తో తగాదా పడ్డారు, హడ్ గ్రాంట్లు ఆపింది. గీత కింద ఉన్నవాళ్ల పేరు మీద డబ్బు తీసుకోవడం అందరికీ ఇష్టమే, వాళ్లు పక్కింటికి రావడం దగ్గరే పేచీ. ఆ సంతకానికి అర్థం ఏమిటన్న నిబంధనలు కూడా 2015 నుంచి వైట్‌హౌస్‌లో పార్టీ మారినప్పుడల్లా మారుతూనే ఉన్నాయి.

ఇంతా చేసి డబ్బెంత అని చూస్తే నవ్వొస్తుంది. 1975లో సీడీబీజీకి ఇచ్చింది సుమారు 250 కోట్ల డాలర్లు. 2024లో 330 కోట్లు. ఈ మధ్యలో ధరలు ఐదు రెట్లకు పైగా పెరిగాయి. జనం పెరిగారు, గ్రాంటు పంచుకునే నగరాలు పెరిగాయి. ట్రంప్ మొదటి దఫాలో దీన్ని మొత్తానికే ఎత్తేయాలని ప్రతిపాదించారు, కాంగ్రెస్ ఒప్పుకోలేదు. 2025 మే నెలలో వచ్చిన ప్రతిపాదనలో మళ్లీ సీడీబీజీ, హోమ్ రెండూ రద్దు జాబితాలో ఉన్నాయి. రెండు పార్టీల మేయర్లూ దీన్ని కాపాడమంటారు. ఎందుకంటే తమ ఊరి అవసరాన్ని బట్టి తామే ఖర్చు చేసుకోగలిగే ఫెడరల్ డబ్బు వాళ్లకు మరీ ఎక్కువేం లేదు. నా మటుకు నాకు, పథకం ఎత్తేయడం తప్పనిపిస్తుంది, ఫార్ములా మార్చకుండా ఇలాగే నడపడమూ తప్పనిపిస్తుంది. ఫార్ములా మారిస్తే ఎవరో ఒకరి వాటా తగ్గుతుంది, వాటా తగ్గే ఊరి కాంగ్రెస్ సభ్యుడు ఓటు వేయడు. అందుకే అది అలా ఉండిపోయింది.

మరి మీ ఊళ్లో ఏం జరుగుతోందో చూడాలంటే? నగరం ఏటా కనీసం రెండు బహిరంగ విచారణలు పెట్టాలి. ఈ డబ్బు ఎలా ఖర్చు పెడతారో చెప్పే ప్లాన్ ముసాయిదా మీద 30 రోజులు అభిప్రాయాలు తీసుకోవాలి. ఇంగ్లిష్ రానివాళ్లు బాగా వస్తారనుకుంటే వాళ్లకు ఏం ఏర్పాటు చేస్తారో కూడా రాసి పెట్టాలి. అంటే మీ అమ్మానాన్నల కోసం తెలుగు అనువాదకుడు కావాలని ముందుగా అడగొచ్చు, అడగడం తప్పేమీ కాదు.

ప్లాన్ కన్నా నేను చూడమనేది ఏడాది చివరి రిపోర్టు. దాన్ని కేపర్ అంటారు. ఎంత వచ్చింది, ఎక్కడ పెట్టారు, ఎన్ని ఇళ్లు బాగు చేస్తామన్నారు, ఎన్ని చేశారు, అన్నీ అందులో ఉంటాయి. ముందు ఇళ్ల మరమ్మతు లైను చూడండి. చెప్పిన లెక్కకూ చేసిన లెక్కకూ తేడా ఉంటే ఆ డబ్బు ఎటు మళ్లిందో అడగండి. ఫుట్‌పాత్, పార్కు పనులుంటే అవి ఏ వీధుల్లో జరిగాయో మ్యాప్ అడగండి. మ్యాప్‌లో 51 శాతం నిబంధన వాడారా, పావు వంతు వెసులుబాటు వాడారా అన్నది ఒక్క ప్రశ్నతో తేలిపోతుంది.

ఒక్కటే చిక్కు. టెక్సస్‌లో చాలా నగరాలకు ఈ ప్రోగ్రామ్ ఏడాది సెప్టెంబర్ 30తో ముగుస్తుంది. రిపోర్టు 90 రోజుల్లో హడ్‌కు చేరాలి, దానికి ముందు అభిప్రాయం చెప్పడానికి జనానికి 15 రోజులు ఇవ్వాలి. అంటే సరిగ్గా మనవాళ్లంతా హైదరాబాద్ ఫ్లైట్‌కు సూట్‌కేసులు తూకం వేసుకునే డిసెంబర్ వారాల్లో అది బయటకొస్తుంది. విచారణకు వెళ్లలేకపోతే ఫర్వాలేదు, సిటీ హౌసింగ్ విభాగానికి ఈమెయిల్ రాసినా లెక్కలోకి వస్తుంది. వచ్చిన అభిప్రాయాల సారాంశాన్ని హడ్‌కు పంపే రిపోర్టుకు జత చేయాల్సిందే.