అమ్మే బీరువా, అమ్మని బీరువా

సభకు నమస్కారం.

నేను ఒంగోల్లో పాత పుస్తకాలు అమ్ముతాను. గైడ్లు, నవలలు ఇల్లు గడుపుతాయి. నా ప్రాణమంతా జిల్లా చరిత్రల మీద.

"ప్రకాశం జిల్లా చరిత్ర ఉందా?" అని అడుగుతూ వస్తారు. ఆ పేరుతో వెతికితే సగం కూడా దొరకదు. ఈ జిల్లా పుట్టింది 1970లో, ప్రకాశం పంతులు గారి పేరు పెట్టింది 1972లో. కందుకూరు, కనిగిరి, పొదిలి, దర్శి నెల్లూరు నుంచి వచ్చాయి. మార్కాపురం, గిద్దలూరు కర్నూలువి. ఒంగోలు, అద్దంకి, చీరాల గుంటూరువి. ఆ గుంటూరు జిల్లా కూడా 1904లో ఏర్పడిందే. అంతకుముందు ఒంగోలు తాలూకా నెల్లూరుది. అందుకే 1873లో బాస్వెల్ దొర రాసిన నెల్లూరు మాన్యువల్లో, అంటే జిల్లా వివరాలన్నీ కూర్చిన పుస్తకంలో, మన ఒంగోలు కనిపిస్తుంది. బటర్‌వర్త్, వేణుగోపాల్ చెట్టి 1905లో మూడు భాగాలుగా తెచ్చిన నెల్లూరు జిల్లా శాసనాల్లోనూ మన ఊళ్లున్నాయి. మార్కాపురం వాళ్లకైతే 1886 నాటి కర్నూలు మాన్యువల్ చూడమని చెబుతాను. జిల్లాల గీతలు 2022లో మళ్లీ మారాయి. రేపు వెతికేవాళ్లకి ఇంకో చిక్కు.

ఆ 1873లోనే ఇంకో పుస్తకం అచ్చయింది. కంపెనీ కాలంలో మద్రాసు పెద్ద కోర్టయిన సదర్ కోర్టులో దుబాసీగా, అంటే తర్జుమాదారుగా, చేసిన వెన్నెలకంటి సుబ్బారావు గారు ఇంగ్లీషులో రాసుకున్న స్వీయచరిత్ర. ఒంగోలు వాసి అని పేరు పక్కనే వేశారు. మన ప్రాంతం మనిషి తన బతుకును తనే రాసుకున్న పుస్తకం అది. మాన్యువల్లో దొర చూసిన మనం ఉంటాం, ఇందులో మనం చూసుకున్న మనం ఉంటాం. రెండూ పక్కపక్కన పెట్టి చదవాలి.

వీటి కోసం పెద్ద లైబ్రరీలున్నాయి. వేటపాలెం సారస్వత నికేతనం 1918 నుంచి పాత పత్రికలు, పుస్తకాలు కాపాడుతూనే ఉంది. నాకు దిగులు చిన్న పుస్తకాల గురించి. గుడి స్థలపురాణం, హైస్కూలు జూబిలీ సంచిక, ఒక ఇంటివాళ్లు వేయించుకున్న వంశచరిత్ర. కొన్ని వందల కాపీలు వేసి పెళ్లిలోనో తిరునాళ్లలోనో ఊరికే పంచేస్తారు. ఏ షాపుకీ రావు. పెద్దాయన పోయాక తూకానికి వెళ్తాయి.

అలా చిత్తుకాగితాల కొట్లో దొరికిన స్థలపురాణం ఒకటి నా దగ్గరుంది. కథ అంతా మామూలే. చివరి నాలుగు పేజీలు చందాదారుల పట్టీ: ఎవరు ఎన్ని బస్తాల వడ్లిచ్చారు, ఎవరు బండ్లు తోలారు, ఏ వీధివాళ్లు కూలి మాని రాళ్లు మోశారు. అంచున ఎవరో పెన్సిల్‌తో రాశారు: "మా నాయన పేరు విడిచినారు". కింద ఆ పేరు. ఏ ప్రభుత్వ రికార్డులో దొరుకుతుందండీ ఆ పేరు?

దాన్ని కొంటామని ఇద్దరడిగారు. ఇవ్వలేదు. మా ఇంట్లో అమ్మే బీరువా వేరు, అమ్మని బీరువా వేరు. రెండోది పెరిగేకొద్దీ ఇంట్లో మాటలు పడతాను, పడాల్సిందే. కానీ చదువుకోడానికి వచ్చినవాళ్లకి కుర్చీ వేసి చూపిస్తాను. దాచి, చూపించకపోతే చెదలకీ నాకూ తేడా ఏముంది?

చివరగా ఒక విన్నపం. చిరిగిన పేజీకి దయచేసి సెల్లోటేపు వేయకండి. దాని జిగురు పసుపెక్కి అక్షరాలను మింగేస్తుంది. మైదా జిగురులో కాస్త మైలుతుత్తం కలిపి, పల్చటి కాగితం అతికించే బైండర్లు ఇంకా ఉన్నారు, నేను చూపిస్తాను. మీ ఊరి సంచికలు అటక మీదుంటే అట్ట లేకపోయినా, మొదటి పేజీలు పోయినా పట్టుకురండి. అమ్మక్కర్లేదు, ఫోటోలు తీసుకుని మీ పుస్తకం మీకే ఇస్తాను.