సీలు తెంపే ముందు నోరు విప్పాలి

(మిర్యాలగూడలో మోటారు మెకానిక్‌ల దసరా సమావేశంలో చేసిన ప్రసంగ పాఠం)

వేదిక మీదున్న పెద్దలకు, మన సంఘం అధ్యక్షుడికి, పిలవగానే వచ్చిన మోటారు వాహనాల ఇన్‌స్పెక్టర్ గారికి నమస్కారం. హాలియా, నిడమనూరు, త్రిపురారం, హుజూర్‌నగర్ నుంచి షట్టర్లు దించుకుని వచ్చిన తమ్ముళ్లకు, టైర్ల షాపుల వాళ్లకు, బ్యాటరీల వాళ్లకు, ఐటీఐ పిల్లలకు, ఈ హాలు ఇప్పించిన రైస్‌మిల్లు పెద్దాయనకు కూడా నమస్కారం. ఎవరినైనా మరిచిపోతే మనసులో పెట్టుకోవద్దు. ఇవాళ సద్దుల బతుకమ్మ. ఇళ్లల్లో ఆడవాళ్లు తంగేడు, గునుగు ముందేసుకుని కూర్చుని ఉంటారు. పొద్దుగూకక ముందే మిమ్మల్ని పంపిస్తానని అధ్యక్షుడికి మాటిచ్చాను.

బండి కంప్యూటర్‌ను చదివే కొత్త స్కానర్ల గురించి మాట్లాడమన్నారు. మాట్లాడతాను. అంతకన్నా ముందు ఈ సంచిలో తెచ్చింది మీకు చూపించాలి.

ఇది ట్రాక్టర్ పిస్టన్. ముందు వరుస నుంచి మొదలుపెట్టి ఒకరి చేతిలోంచి ఒకరికి వెనక్కి పంపండి. పైభాగం మీద వేలు పెట్టి చూడండి. బొటనవేలు పట్టేంత గుంట పడింది. దాని అంచు కొవ్వొత్తి కారినట్టు కారి గడ్డకట్టింది. పక్కన రింగు గాడిలోనే బిగుసుకుపోయింది, గోరుతో లాగినా కదలదు. అల్యూమినియం 660 డిగ్రీల దగ్గర కరుగుతుందని ఐటీఐలో మీకు చెప్పే ఉంటారు. దీన్ని కరిగించింది నేనే. ఇన్నేళ్లలో ఈ మాట నలుగురిలో చెప్పలేదు. ఇవాళ చెప్పాలనే వచ్చాను.

అప్పటికి నాకు షాపు పెట్టి పన్నెండేళ్లు. డీజిల్ పంపు పనికి మన చుట్టుపక్కల మండలాల్లో నా పేరు చెప్పేవాళ్లు. సాగర్ ఎడమ కాల్వ కింద వ్యవసాయం చేసుకునే రైతు ఒకాయన కొత్త ట్రాక్టర్ తోలుకుని వచ్చాడు. కొని ఎనిమిది నెలలు, ఫైనాన్స్ బండి. "అన్నా, పక్కోళ్ల బండి రెండు ట్రాలీలు గుంజుతున్నది. మా బండి కట్ట ఎక్కంగనే సతాయిస్తున్నది. జర పంపు పెంచరాదు" అన్నాడు. కోతల కాలం. మిల్లుల ముందు వడ్ల ట్రాక్టర్లు బారులు తీరి ఉన్నాయి. తొందరగా మిల్లుకు చేరినవాడికి తొందరగా తూకం అవుతుంది. ఆయన అడిగిందాంట్లో తప్పేమీ లేదు.

పంపు మీద డీజిల్ పెంచే ఆ స్క్రూ ఎక్కడుంటుందో మీకందరికీ తెలుసు. దాని తలలోంచి సన్నటి తీగ దూర్చి, శనగ గింజంత సీసపు బిళ్లతో నొక్కి, కంపెనీ ముద్ర వేసి పంపిస్తారు. నోస్ ప్లయర్‌తో ఆ తీగ తెంపాను. అర చుట్టు తిప్పాను. బండి స్టార్ట్ చేసి రేస్ ఇస్తే సైలెన్సర్ నల్లగా పొగ వదిలింది. "ఇప్పుడు ఊపిరొచ్చింది అన్నా" అని ఆయన సంతోషపడ్డాడు. మూడు వందలు ఇచ్చాడు. తెగిన తీగ ఉన్నచోట నేను మామూలు బైండింగ్ వైరు చుట్టి పెట్టాను. వారంటీ అన్న మాట ఆయనా అనలేదు, నేనూ అనలేదు.

నల్ల పొగ అంటే బలం కాదు తమ్ముళ్లూ. ఆ ఇంజన్‌కు గాలిని ఎక్కువగా తోసే టర్బో లేదు, పీల్చే గాలి ఎప్పటంతే. డీజిల్ మాత్రం పెంచాను. కాలకుండా మిగిలిన డీజిల్ సిలిండర్ గోడ మీద ఉన్న ఆయిల్ పొరను కడిగేస్తుంది, కిందికి దిగి ఆయిల్‌ను పలుచన చేస్తుంది. వేడి పిస్టన్ నెత్తికెక్కుతుంది. ఒక గంట దున్నితే తెలియదు. రెండు ట్రాలీలు కట్టి, రాత్రీ పగలూ వడ్లు తోలితే తెలుస్తుంది. నెల తిరగకముందే త్రిపురారం దారిలో బండి నిలబడిపోయింది.

షోరూమ్ నుంచి ఇంజనీర్ వచ్చాడు. నేను కూడా వెళ్లాను. ఆ పిల్లవాడు ఇంజన్ విప్పలేదు. ఆయిల్ గేజ్ కూడా తీయలేదు. జేబులోంచి గుడ్డ తీసి పంపు మీద మట్టి తుడిచాడు. నేను చుట్టిన బైండింగ్ వైరు మెరిసింది. రెండు ఫోటోలు తీసుకుని కాగితం మీద ఒక లైను రాశాడు: పంపు సీలు తెగి ఉంది, వారంటీ వర్తించదు. రైతు ఆ కాగితం నాకిచ్చి "ఏం రాసిండన్నా?" అని అడిగాడు. చదివి చెప్పాను.

పిస్టన్, బోర్ కిట్, హెడ్ పని, క్రాంక్ గ్రైండింగ్ కలిపి 62 వేలు అయింది. నా మజూరీ తీసుకోలేదు, కానీ సామాను డబ్బులు ఆయనవే. నూటికి రెండు రూపాయల వడ్డీకి తెచ్చాడు. ఆ యాసంగి కిస్తీ తప్పింది. నన్ను ఒక్క మాట అనలేదు. "నువ్వు జెప్తే నేను వద్దందునేమో అన్నా" అన్నాడు, అంతే. నన్ను తిట్టి ఉంటే మరిచిపోయేవాడినేమో.

ఆ ఇంజనీర్ మీద నాకు కోపం లేదు. సీలు తెగింది, దాని వల్లే ఇంజన్ పోయింది. రాసింది న్యాయమే. కానీ అన్నిసార్లూ అలా ఉండదు. ఇది జాగ్రత్తగా వినండి.

రెండేళ్ల కింద మా బజారు పిల్లవాడొకడు కొత్త కారుకు ఎయిర్ ఫిల్టర్, సైలెన్సర్ మార్పించాడు. మూడు నెలలకు కిటికీ అద్దం మోటారు పనిచేయడం మానేసింది. షోరూమ్‌లో "బండి మాడిఫై చేశారు, వారంటీ మొత్తం పోయింది" అన్నారు. సైలెన్సర్‌కూ అద్దం మోటారుకూ ఏం సంబంధం? వాడితోపాటు నేనూ వెళ్లాను. గొడవ పెట్టుకోలేదు. "ఏ భాగం చెడింది, మేం చేసిన ఏ మార్పు వల్ల చెడింది, రెండు లైన్లు రాసి సంతకం పెట్టివ్వండి సార్" అన్నాను. రాయడానికి ఎవరూ ముందుకు రాలేదు. నాలుగు రోజులకు మోటారు మార్చి ఇచ్చారు. వాడికి దారిలో ఇంకో మాట కూడా చెప్పాను: రేపు గాలి కొలిచే సెన్సర్ పోయినా, టర్బో పోయినా ఇలా నిలబడి అడగలేం, ఆ ఫిల్టర్ పెట్టింది మనమే అని.

ఐటీఐ పిల్లలూ, మీరు ఫోన్‌లో వీడియోలు చూస్తారు. "మార్పు వల్లే చెడిందని కంపెనీయే రుజువు చేయాలి" అని అందులో చెప్తారు. అది అమెరికా చట్టం, 1975 నాటిది. మన దగ్గర అచ్చంగా అలాంటి చట్టం లేదు. అయితే దిక్కే లేదనుకోవద్దు. 2014 ఆగస్టులో, కంపెనీల మధ్య పోటీ సరిగ్గా ఉందో లేదో చూసే కాంపిటీషన్ కమిషన్ 14 కార్ల కంపెనీలకు 2,544 కోట్ల జరిమానా వేసింది. బయటి గ్యారేజీలో రిపేరు చేయించినంత మాత్రాన వారంటీ మొత్తం రద్దని షరతు పెట్టొద్దు, బయట చేసిన పని వల్ల ఎంత చెడిందో అంతవరకే రద్దు చేసుకోవచ్చు అని అందులో ఉంది. కంపెనీలు పై కోర్టులకు వెళ్లాయి, అది వేరే సంగతి. అది రిపేర్ల గురించి చెప్పిన మాట. పవర్ పెంచడానికి చేసిన మార్పులకు దాన్ని అడ్డం పెట్టుకోవద్దు.

మీలో ఎంతమంది వారంటీ పుస్తకం చివరి పేజీలు చదివారు? చేతులెత్తండి. మొహమాటం వద్దు. ఇద్దరు... ముగ్గురు. ఇంతమందిలో ముగ్గురం. ఏది వర్తించదో అక్కడే రాసి ఉంటుంది. రేసులు, ఓవర్ లోడు, తెగిన సీళ్లు, కోసిన వైర్లు, ఊడదీసిన అవర్ మీటర్. రైతు చదవడు, చదివే తీరిక ఆయనకు లేదు. మనం చదవాలి.

ఇక స్కానర్ల సంగతి. పంపు సీలు కంటికి కనబడేది. ఇప్పుడు సీలు కంప్యూటర్ లోపల ఉంది. ట్రాక్టర్లలో కూడా 50 హెచ్‌పీ దాటినవాటికి 2023 జనవరి నుంచి కొత్త పొగ నిబంధనలు వచ్చాయి, కంప్యూటర్ లెక్కతో డీజిల్ కొట్టే సీఆర్‌డీఐ ఇంజన్లు మన షెడ్లకే వస్తున్నాయి. కుర్రాళ్లు ట్యూనింగ్ బాక్స్ అని ఒక డబ్బా తెచ్చి పెట్టమంటున్నారు. అది డీజిల్ ప్రెషర్ కొలిచే రైల్ ప్రెషర్ సెన్సర్‌కూ, దాని వైరు కప్లర్‌కూ మధ్యలో కూర్చుని, ఉన్న ప్రెషర్ కన్నా తక్కువ ఉందని ఈసీయూకు, అంటే ఇంజన్ కంప్యూటర్‌కు, అబద్ధం చెప్తుంది. ఈసీయూ నమ్మి ప్రెషర్ పెంచుతుంది. సర్వీసుకు పోయేముందు డబ్బా పీకేస్తే ఎవరికీ తెలియదని మనవాళ్ల ధైర్యం. కప్లర్ లాక్ మీద గీతలు ఉంటాయి, చుట్టూ దుమ్ము పట్టి అక్కడొక్కచోట శుభ్రంగా ఉంటుంది. ఏదైనా లోపం కనిపెట్టి ఈసీయూ ఫాల్ట్ కోడ్ రాసుకుంటే, ఆ క్షణంలో బండి ఎంత స్పీడులో, ఎంత లోడులో ఉందో కూడా దాంతోపాటే దాచుకుంటుంది. రీమ్యాప్, అంటే ఈసీయూలో సాఫ్ట్‌వేర్ మార్చి రాయడం, అయితే సాఫ్ట్‌వేర్ లెక్క కంపెనీ లెక్కతో సరిపోదు. చాలా బండ్లలో ఎన్నిసార్లు రాశారో కూడా లెక్క ఉంటుంది. తిరిగి పాతది రాసినా ఆ లెక్క పెరుగుతుందే గానీ తగ్గదు.

పెంచిన బలం ఇంజన్‌తో ఆగదు. క్లచ్ ప్లేటు, గేర్ బాక్సు, టర్బో అన్నీ కంపెనీ లెక్కకు తగ్గట్టు చేసినవి. క్లచ్ కాలితే ఇంజన్‌లో చేసిన మార్పు వల్లేనని వాళ్లు అంటే కాదనడం కష్టం.

ఇన్‌స్పెక్టర్ గారు ఉన్నారు కాబట్టి ఆయన మాట కూడా నేనే చెప్తాను. మోటారు వాహనాల చట్టం 52వ సెక్షన్ ప్రకారం కంపెనీ ఇచ్చిన వివరాలకు భిన్నంగా బండిని మార్చకూడదు. 2019 జనవరిలో సుప్రీంకోర్టు ఇదే చెప్పింది. అదే ఏడాది వచ్చిన సవరణ ప్రకారం ఓనరుకు ఆరు నెలల దాకా జైలు, లేదా ఒక్కో మార్పుకు 5,000 జరిమానా, లేదా రెండూ. ఇన్సూరెన్స్ వాళ్లకు చెప్పకుండా మారిస్తే యాక్సిడెంట్ అయిన రోజు క్లెయిమ్ దగ్గర మళ్లీ అదే చిక్కు.

అన్యాయంగా వారంటీ కాదంటే ఏం చేయాలో కూడా రాసుకోండి. కారణం కాగితం మీద అడగాలి. విడిభాగం వాళ్ల దగ్గర వదిలి రాకముందే ఫోటో తీసుకోవాలి. వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915కు ఫోన్ చేసి ఫిర్యాదు రాయించాలి. అయినా వినకపోతే నల్లగొండ జిల్లా వినియోగదారుల కమిషన్ ఉంది. బండికి ఇచ్చిన సొమ్ము 5 లక్షల లోపైతే ఫీజు లేదు. రెండేళ్ల లోపు వేయాలి. చెడిన భాగాన్ని ల్యాబుకు పంపించే అధికారం కమిషన్‌కు ఉంది. అక్కడ లోపం కంపెనీదా మనదా తేలుతుంది. మనదని తేలితే మాత్రం ఆ రైతు మళ్లీ ఓడిపోతాడు.

అందుకే అడుగుతున్నాను. పని చేయొద్దని నేను చెప్పడం లేదు. వారంటీ అయిపోయిన బండి, తెలిసి ఒప్పుకున్న ఓనరు, చట్టం లోపల ఉన్న పని అయితే చేయండి, మన పొట్ట కూడా నిండాలి. కానీ పానా పట్టుకునే ముందు ఓనరుకు చెప్పండి. నేను జాబ్ కార్డు పుస్తకాలు అచ్చు వేయించి తెచ్చాను. కింద ఒక లైను పెట్టించాను: "ఈ పని వల్ల కంపెనీ వారంటీ పోవచ్చని మెకానిక్ నాకు చెప్పాడు." దాని కింద ఓనరు సంతకం, పక్కన మన సంతకం. చదవలేని వాళ్లకు మీరే చదివి వినిపించండి. మూడు వందల పని పోతుందని భయపడొద్దు. గేటు దగ్గర టేబుల్ మీద పెట్టాను, షాపుకు ఒక పుస్తకం తీసుకెళ్లండి, డబ్బులు వద్దు.

ఆ రైతు కొడుకు ఈ దసరాకు కొత్త ట్రాక్టర్ తీసుకున్నాడు. మొన్న పూజకు ముందు నా షాపుకే తెచ్చాడు. పంపు మీద సీలు ఎక్కడుందో వాడికి చూపించి, వాడి ఫోన్‌లోనే ఫోటో తీయించాను.

పిస్టన్ ఎంతవరకు వచ్చింది? వెనక వరుసలో ఉందా? చూసినవాళ్లు ముందుకు పంపించండి. రేపు ఆయుధ పూజ. ప్రతి ఏడాదీ నా పానాల పక్కన అది ఉండాలి, దానికీ బొట్టు పెట్టాలి.