టైఫాయిడ్ ఎటు నుంచి వస్తుంది?

అందరికీ నమస్కారం. వానాకాలం వస్తే చాలు, "వానలో తడిశాడు డాక్టరుగారూ, టైఫాయిడ్ పట్టుకుంది" అంటూ పిల్లల్ని తీసుకొస్తారు. తడిస్తే టైఫాయిడ్ రాదండీ. దోమ కుట్టినా రాదు. సాల్మొనెల్లా టైఫి అనే ఈ బాక్టీరియాకి మనిషి ఒళ్లే ఇల్లు. పశువుల్లో, కోళ్లలో ఉండదు. అంటే మీకు టైఫాయిడ్ వచ్చిందంటే, ఎవరిదో మలం నీళ్లలోనో తిండిలోనో కలిసి మీ నోట్లోకి వెళ్లింది. వినడానికి రోతగా ఉంటుంది, కానీ మర్యాదగా చెబితే అసలు విషయం దాటిపోతుంది.

ఎలా కలుస్తుందంటారా? చాలాచోట్ల కుళాయి పైపు, డ్రైనేజీ పక్కపక్కనే పోతాయి. నీళ్లు వదిలినంతసేపూ ఒత్తిడి ఉంటుంది కాబట్టి, పైపు పగిలినా నీళ్లు బయటికే కారతాయి. కట్టేశాక ఒత్తిడి పడిపోతుంది. అప్పుడు అదే పగుల్లోంచి మురుగు లోపలికొస్తుంది. రోజు విడిచి రోజు నీళ్లొచ్చే పేటల్లో అందుకే ఈ బెడద ఎక్కువ. నీళ్లు తేటగా ఉన్నాయని నమ్మొద్దు. మరిగిస్తే ఈ క్రిమి చస్తుంది, ఐసులో మాత్రం బతికే ఉంటుంది.

రెండో దారి వండే చేతులు. న్యూయార్క్‌లో మేరీ మాలన్ అనే వంటమనిషి ఉండేది. ఆమెకి ఏ నలతా లేదు, పనిచేసిన ఇళ్లలో మాత్రం వరసగా టైఫాయిడ్. 1907లో పట్టుకెళ్లి ఒక దీవిలో ఉంచారు. ఇక వంట చేయనని మాట తీసుకుని 1910లో వదిలితే, పేరు మార్చుకుని మళ్లీ వంటకే వెళ్లింది, అదీ ప్రసూతి ఆసుపత్రిలో. 1915లో మళ్లీ పట్టుకున్నారు. 1938లో చనిపోయేదాకా ఆ దీవిలోనే ఉంది. నాకైతే ఆమె మీద జాలే ఎక్కువ. జ్వరమే ఎరగనిదాన్ని, నావల్ల జబ్బేంటి అనుకుంది పాపం.

ఇప్పటికీ జబ్బు తగ్గిన నూటికి ఒకరి నుంచి ఐదుగురి దాకా అలా మిగిలిపోతారు. క్రిమి పిత్తాశయంలో దాక్కుని ఏళ్ల తరబడి మలంలో పోతూనే ఉంటుంది.

ఇక పరీక్షలు. టైఫాయిడ్‌కి చేసే విడాల్ అనే రక్తపరీక్ష 1896 నాటిది. ఎప్పుడో వచ్చి తగ్గిన టైఫాయిడ్‌కి కూడా పాజిటివ్ చూపించగలదు. యాంటీబయాటిక్ మొదలుపెట్టే ముందే బ్లడ్ కల్చర్‌కి, అంటే రక్తంలో ఉన్న క్రిమిని పెంచి చూసే పరీక్షకి, రక్తం ఇవ్వండి. ఊరికే మందులు మింగితే క్రిమి మొండికేస్తుంది. పాకిస్తాన్‌లోని హైదరాబాద్‌లో 2016 నుంచి అదే జరిగింది, సెఫ్ట్రియాక్సోన్ ఇంజెక్షన్‌కి కూడా లొంగని టైఫాయిడ్ పాకింది. 2019లో పాకిస్తాన్ పిల్లలకి వేసే రొటీన్ టీకాల్లో టైఫాయిడ్ టీకాని చేర్చింది. ఆ టీకా తయారైంది మన హైదరాబాద్‌లో, భారత్ బయోటెక్‌లో. ఆరు నెలలు దాటిన పిల్లలకి ఒక్క డోసు వేస్తారు. మీ ఇంట్లో చిన్నపిల్లలుంటే, ఇప్పుడే అడగండి, చెబుతాను.